గుమ్మం అవతలి చెయ్యి

అందరూ బాగున్నారా? పెద్దవాళ్ల మోకాళ్లు ఎలా ఉన్నాయి? చంటిపిల్లలకి దుమ్ము దగ్గు తగ్గిందా? షిఫ్టులకి వెళ్లే మగవాళ్లు వేళకి తింటున్నారా? బీపీ మాత్రలు మానకండి. నాకు ఒక కంటికి ఆపరేషనయింది, రెండోదానికి భయపడి వాయిదా వేస్తున్నాను. ఒక్కరి ఆరోగ్యం మాత్రం ఇక అడగక్కర్లేదు. ఒకప్పుడు గాజువాకలో మా పక్కింట్లో ఉన్న ఫొటో తమ్ముడు మొన్న మంగళవారం పొద్దున్న పోయాడు. టీ కప్పు జాగ్రత్తగా బల్లమీద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడట. అంతే.

నాది నాలుగో తరగతి చదువు. ఈ రాతలో తప్పులుంటే సర్దుకోండి.

తమ్ముడు పెళ్లిళ్ల ఫొటోలకి వెళ్లేవాడు కాదు. గదుల ఫొటోలే తీసేవాడు. కొత్త ఫ్లాట్లు, హోటళ్లు, కూల్చబోయే పాత ఇళ్లు. పెద్ద కెమెరాని మూడు కాళ్లమీద నిలబెట్టి, పైనుంచి తల వంచి అందులోకి చూసేవాడు. రీలుకి పన్నెండే బొమ్మలు. నేను ముందెళ్లి గది తుడిచి, తరువాత బూడిదరంగు అట్టముక్క పట్టుకుని నిలబడేదాన్ని. ఫొటోలో ఆ అట్ట రంగు ఎటు మారిందో చూసుకుని, గది రంగులన్నీ సరిచేసేవాడు.

"నన్నే ఎందుకు నిలబెడతావు తమ్ముడా?" అని అడిగానొకసారి.

"అట్ట పడిపోతాదేటోనని నువ్వు ఊపిరి కూడా తియ్యవప్పా. నీ బయ్యం కంటే గట్టి స్టాండు బజార్లో దొరకదు" అని నవ్వాడు.

ఏ గదిలోకి వెళ్లినా ముందు లైట్లన్నీ ఆర్పేసి, "ఈ గదికి ఒంట్లో ఎలాగుందో సూద్దాం" అనేవాడు. పసుపు బల్బు కింద గదికి కామెర్లట. ట్యూబులైటు పడితే ఆకుపసరు రంగు ఎక్కుతుందట. ఏదో ఒకటే అయితే నయం చెయ్యొచ్చు. "రెండు ఎలుతుర్లు కలిత్తే మాత్రం మందు లేదప్పా. ఒకటి సరిసేత్తే రెండోది పాడవుతాది" అనేవాడు. ఆ మాటే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

ఆయన భార్య వెనకగదిలో ఏడాదిపాటు మంచంమీద ఉండి చనిపోయింది. ఆ గోడలకి లేత వంగపువ్వు రంగు ఆవిడే కోరి వేయించుకుంది. పూర్ణా మార్కెట్టులో నన్ను వెంటబెట్టుకుని కొన్న చీర అంచు పెయింటరుకి చూపించి, "ఇదే రంగు, ఇంతకి ఇంతే" అంది. ఆవిడ పోయిన కొన్నాళ్లకి ఇల్లు కూల్చేస్తామన్నారు ఓనర్లు. సామాను సర్దిన సాయంత్రం రీలులో ఒక్క బొమ్మ మిగిలింది.

"అట్ట పట్టుకుని గుమ్మంలో ఉండప్పా. నిన్ను తరవాత కోసేత్తాను" అన్నాడు.

కిటికీ వెలుతురు సన్నగా ఉంది. కెమెరా కన్ను తెరిచి, నలభై లెక్కపెట్టాలి. పది దాటేసరికి ఆయన ముఖం గోడవైపు తిప్పుకుని లెక్కపెడుతున్నాడు. దీపాల వేళ అయిపోయింది. మనిషి పోయిన గది సంధ్యవేళ చీకటిగా ఉండకూడదని మా అమ్మ చెప్పేది. కుడిచేత్తో అట్ట కదలకుండా పట్టుకుని, ఎడమచెయ్యి వెనక్కి చాపి వంటింటి స్విచ్చు నొక్కాను. ట్యూబులైటు వెలిగింది. వెంటనే భయమేసి ఆర్పేశాను. ఆయన ఇటు తిరగనేలేదు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. తమ్ముడు ద్వారకా నగర్లో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. మా ఇంటికొచ్చినప్పుడల్లా ఆ ఫొటో గురించే అడిగేవాడు.

"ఈ పసరు ఎక్కడ్నించొచ్చిందప్పా? గోడ బూడిదైపోయింది."

"ఏటో తమ్ముడా, నాకేటి తెలస్తాది."

నా ఎడమచేతివైపు చూసేవాడేమో, తెలియక అడిగేవాడో తెలిసే అడిగేవాడో, ఎన్నిసార్లు తలుచుకున్నా తేలడం లేదు.

నిన్న కూతురు ఫోన్ చేసింది.

"అత్తా, అమ్మ గది ఫొటో నాన్న కంప్యూటర్లో ఎన్ని రంగుల్లో మార్సి దాసీసాడో! పెద్దకర్మకి పెద్దది సేయించి పెడతాను. ఏది నిజం రంగో నువ్వే సెప్పాల. నాకైతే గురుతు లేదు, ఆ గోడ బాగా సూసినోళ్లు ఇంకెవరున్నారు?"

ఆ మాట విన్నప్పటినుంచీ అన్నం సయించడం లేదు. చీర అంచు గుర్తుచేసుకుని ఒక్కో కన్నూ మూసి గోడలు చూస్తున్నాను. ఆపరేషనయిన కంటికి అంతా నీలంగా ఉంది, రెండోదానికి మజ్జిగపులుసులా ఉంది. ఏ కంటిని నమ్మను? ఏ రంగు చెప్పినా సగం అబద్ధమే, మిగతా సగం నిజం నా దగ్గరే ఉండిపోయింది కాబట్టి.

ఫొటోని తమ్ముడు ఎప్పుడూ కొయ్యలేదట. అందులో నేనింకా గుమ్మంలోనే ఉన్నానట. కుడిచేతిలో అట్ట ఉంది. ఎడమచెయ్యి గుమ్మం అవతల ఎక్కడో, కనబడదు.

వచ్చే ఆదివారం పగలు పదకొండింటికి, ఎండ బాగా ఉన్నప్పుడు వస్తానన్నాను. రంగు సంగతి తరువాత. ముందు ఆ చెయ్యి ఎక్కడుందో చెబుతాను.