మా గల్లీ చూడవచ్చిన పిల్ల

కామాఠిపురలో మా చాళ్ మెట్లు కొత్త మనిషి ఎక్కితే చప్పుడును బట్టే తెలిసిపోతుంది. మావాళ్ళు విరిగిన మెట్టును చూడకుండానే దాటేస్తారు. కొత్తవాళ్ళు దాని దగ్గర ఆగుతారు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఆగారు. నేను వరండాలో బట్టలు ఆరేస్తూ, తడి చీర చేతిలో పట్టుకొని అలాగే నిలబడిపోయాను.

అప్పటికి మా చాళ్‌లో ఎవరిని చూసినా అనుమానమే. మూడంతస్తులు, అంతస్తుకు పది గదులు, గదుల ముందు పొడుగాటి వరండా, దాని చివర అందరికీ కలిపి మూడు పాయిఖానాలు. మా ముత్తాత పాలమూరు నుంచి రాళ్ళు మోసే పనికి వచ్చి ఈ గల్లీలో దిగాడు. ఇప్పుడు ఒక గదిలో అమ్మ, నేను, నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడైన తమ్ముడు ఉంటున్నాం. నేను గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాను. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. నేను పెళ్ళి చేసుకోకుండానే ఉండిపోయాను. వాడికైనా చేయాలని అమ్మ ఆరాటం.

మా చాళ్‌ను పడగొట్టి ఆకాశమంత బిల్డింగు కడతారన్న మాట వచ్చి చాలా ఏళ్ళయింది. ఒప్పుకొని సంతకం పెట్టినవాళ్ళు సగం, పెట్టనివాళ్ళు సగం. చిన్నప్పుడు ఒకే పళ్ళెంలో తిన్న ఆడవాళ్ళు కూడా నల్లా దగ్గర ముఖాలు తిప్పుకుంటున్నారు. వాళ్ళకు బిల్డర్ ఏదో లోపాయికారీగా ఇచ్చాడని వీళ్ళు, ఇంకా ఎక్కువ గుంజడానికే వీళ్ళు ఆగారని వాళ్ళు. మేము పెట్టనివాళ్ళం.

బయటివాళ్ళ అనుమానం ఇంకో రకం. మా పేట పేరు చెబితే ఎవరికైనా పక్క గల్లీల్లోని ఆ వ్యాపారమే గుర్తొస్తుంది. టాక్సీవాడు అద్దంలోంచి నన్ను ఇంకోసారి చూస్తాడు. అందుకే మాలో చాలామందిమి ఎక్కడుంటారని అడిగితే గ్రాంట్ రోడ్ అని చెప్పి ఊరుకుంటాం.

మెట్లెక్కి వచ్చింది ఒక అమ్మాయి. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ళుంటాయి. నా కళ్ళు ఎవరికైనా మొదట అద్దాల మీదికే పోతాయి. గుండ్రటి నల్ల ఫ్రేము, ఎడమ చెవి దగ్గర వదులైంది, మాటిమాటికీ వేలితో పైకి తోసుకుంటోంది. ముఖం ఆ తర్వాతే చూశాను, అదీ సరిగ్గా చూడలేదు.

ఇక్కడ గది కిరాయికి దొరుకుతుందా అని తెలుగులోనే అడిగింది. తనది భివండి అనీ, రక్తపరీక్షల లాబులో పనిచేస్తాననీ చెప్పింది. బయటినుంచి ఒక పెళ్ళికాని పిల్ల వచ్చి మా గల్లీలో గది అడగడం నేను పుట్టాక వినలేదు. ఖాళీలు లేవన్నాను. ఆమె పోలేదు. వరండా ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసి, గోడ పగుళ్ళు చూసి, మెల్లగా అడిగింది.

"అక్కా, ఐతారం పూట గిక్కడ మీరు సరదాకు ఏం చేస్తరు?"

నలభై నాలుగేళ్ళలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. కెమెరాలు పట్టుకొచ్చినవాళ్ళు భయం వేయదా అని అడిగారు. సేవా సంస్థలవాళ్ళు కష్టాలేమిటని అడిగారు. సరదా గురించి అడుగుతోందంటే దీని వెనకాల ఏదో ఉందనుకున్నాను.

పక్క గదిలో ఉండే తాత మాకు చుట్టం కాదు, కానీ అంతకంటే ఎక్కువ. బిల్డింగులకు రంగులు వేసి వేసి రిటైరైన మనిషి. సంతకం పెట్టనివాళ్ళకు ఆయనే పెద్ద. కిటికీలోంచి అంతా విని, నన్ను లోపలికి పిలిచి గొంతు తగ్గించాడు.

"బిల్డర్ మనిషే. ఇండ్లు లెక్కవెట్టనీకి వచ్చింది. గల్లీ తిప్పు, మంచిగ మాట్లాడు, ఎవలు పంపిన్రో గుంజు. ఇంట్ల ఎందరున్నరంటే మాత్రం ఎక్కువ చెప్పు."

ఇంట్లో ఎంత ఎక్కువమంది ఉంటే అంత పెద్ద ఫ్లాటు ఇస్తారని మా చాళ్‌లో ఒక నమ్మకం. అది ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు.

అలా, గూఢచారిని కనిపెట్టే గూఢచారిలా ఆ పిల్లను వెంటబెట్టుకొని బయల్దేరాను.

మొదట క్యారమ్ గదికి తీసుకెళ్ళాను. గల్లీ మొదట్లో, సగం దించిన షట్టర్ కింద రెండు బల్లలు. అక్కడ ఆడే ఆడదాన్ని నేనొక్కదాన్నే. మా నాన్న నేర్పాడు. ఆ రోజు నాకు చెయ్యి కుదిరింది. రాణిని మూలకు కొట్టి, వెంటనే దానికి తోడు ఇంకో కాయ కూడా వేసేసరికి ఎదుటివాళ్ళు పౌడరు దులుపుకొని లేచారు. ఆ పిల్ల మెట్టు మీద కూర్చొని కళ్ళార్పకుండా చూసింది. ఆడవాళ్ళు ఆడితే ఎవరూ ఏమీ అనరా అని అడిగింది. బిల్డర్‌కు ఈ సంగతెందుకు, పేపర్లో రాసే మనిషేమో అనిపించింది. అయినా నా ఆటను ఒక ఆడపిల్ల అలా చూస్తుంటే సంతోషం వేసిన మాట నిజం.

తర్వాత ఫోరస్ రోడ్ మీద ఫాలూదా తాగుదామని నడిచాం. గడపల్లో ఆడవాళ్ళు కూర్చొని ఉన్నారు. ఆ పిల్ల సంచీని పొట్టకు హత్తుకొని అడుగులు వేగం చేసింది. అది నాకు నచ్చలేదు. అంతలో ఒక గడపలోంచి ఒకామె నన్ను పిలిచి, నేను బిగించిన అద్దాలు మళ్ళీ వదులయ్యాయనీ, రేపు దుకాణానికి తెస్తాననీ చెప్పింది. ఆమెకు నలభై దాటాయి, సూదిలో దారం ఎక్కదని అద్దాలు చేయించుకుంది. రమ్మన్నాను. పిల్ల ఆమె వైపు, నా వైపు చూసింది. పొద్దుగూకాక కూడా ఈ దారినే ఒంటరిగా నడుస్తావా అని అడిగింది. రోజూ దుకాణం నుంచి ఇలాగే వస్తానన్నాను. దాన్ని మనసులో ఎక్కడో రాసుకున్నట్టు పిల్ల తలాడించింది.

నాలుగింటికి మా చాళ్ కింది నడవాలో, పిలిచిన అంకెల్ని టికెట్టు మీద కొట్టేసుకునే హౌజీ ఆట. అంకెలు పిలిచే పెద్దమ్మ ఒక్కో అంకెకు ఒక్కో పేరు పెట్టింది. ఎనభై ఎనిమిదంటే వదినా మరదళ్ళు, పదకొండంటే మా మేస్త్రీ కాళ్ళు. ఒకప్పుడు అందరం ఒకే చాప మీద కూర్చునేవాళ్ళం. ఇప్పుడు ఇటు సంతకం పెట్టినవాళ్ళ చాప, అటు పెట్టనివాళ్ళ చాప. రెంటికీ మధ్య ఉన్న ఖాళీలో ఆ పిల్ల కూర్చుంది. కూర్చున్న పది నిమిషాలకే టికెట్టులో ఒక వరుస అందరికంటే ముందు కొట్టేసింది. బహుమతి మూతున్న స్టీలు డబ్బా.

ఆ చాప మీది ఒకామె, నేను కావాలనే బయటిదాన్ని తెచ్చానంది. ఈ చాప మీది ఒకామె, ఇది వాళ్ళ మనిషే, కనుక్కోండి అంది. టికెట్టును ముగ్గురు పట్టుకొని వెలుతురుకు తిప్పి చూశారు. రెండు చాపలూ ఒకే మనిషిని అనుమానించడం, ఒకరి మాటకు ఒకరు తలాడించడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి. పిల్ల డబ్బాను ఒళ్ళో పెట్టుకొని ఎర్రబడిన ముఖంతో కూర్చుంది.

జాలి వేసి మిద్దె మీదికి తీసుకెళ్ళాను. అక్కడ బతుకమ్మ ఆడతామనీ, పూలు తెల్లారుజామున దాదర్ నుంచి తెస్తామనీ, ఆ తొమ్మిది రోజులు మాత్రం ఎవరు సంతకం పెట్టారో ఎవరూ అడగరనీ చెప్పాను. ఆ పిల్ల ముఖం విప్పారింది. ఆ తర్వాత ఫోను తీసి నీళ్ళ ట్యాంకులకు ఫోటో తీసింది. నల్లా ఎన్నింటికి వస్తుంది, ఎన్ని ఇళ్ళకు ఎన్ని పాయిఖానాలు, వాన కురిస్తే కారుతుందా. ఒకదాని వెంట ఒకటి అడిగింది. పక్కా సర్వే పిల్ల అని నాకు ఖాయమైపోయింది.

చివరికి అడగనే అడిగింది, మీ ఇంట్లో ఎందరని.

తాత చెప్పింది గుర్తుంది. అమ్మ, నేను అని మొదలుపెట్టి, లిఫ్టులు బాగుచేసే తమ్ముడున్నాడని చెప్పి, వాడికి పెళ్ళాన్నీ ఇద్దరు పిల్లల్నీ కలిపాను. వాళ్ళు ఎక్కడని అడగకముందే, పుట్టింటికి పోయారని కూడా చెప్పేశాను.

 ఆ పిల్ల స్టీలు డబ్బాను పిట్టగోడ మీద పెట్టింది. "పోతనక్కా" అని ఒక్క మాట అని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. గెలిచాననుకున్నాను. తాత నా వీపు తట్టాడు.

మంగళవారం సాయంత్రం అమ్మకు వరసకు చెల్లెలైన చిన్నమ్మ ఫోను చేసింది. తమ్ముడికి భివండి సంబంధం తెచ్చింది ఆమే. అమ్మ వింటూ వింటూ మంచం మీద కూర్చుండిపోయింది. పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నవాడికి పిల్లనెలా అడిగారని ఆడపిల్లవాళ్ళు చిన్నమ్మను నానా మాటలన్నారట.

నాకు ఆదివారం వచ్చిన పిల్ల గుర్తొచ్చింది; భివండిలో తెలుగువాళ్ళు వేలమంది, అందుకే ఆ రోజు ఊరి పేరు విన్నా నాకు తట్టలేదు. తమ్ముడి ఫోనులో ఆ అమ్మాయి ఫోటో ఉంది. వారం కిందట వాడు చూపిస్తే పట్టుచీర, పూలు చూసి బాగుందని తిరిగిచ్చేశాను. ఇప్పుడు పెద్దది చేసి చూశాను. ఫోటోలో అద్దాలు లేవు. కానీ ముక్కుకు రెండు పక్కలా, పౌడరు కింద కూడా, అద్దాలు నొక్కిన గుర్తులున్నాయి.

జరిగిందంతా చెప్పాను. తమ్ముడు అరవలేదు. కొంతసేపటికి తన తప్పు కూడా ఒప్పుకున్నాడు. సంబంధం కోసం ఇచ్చిన వివరాల కాగితంలో ఇల్లు గ్రాంట్ రోడ్ అని రాశాడట. ఆమె చిన్నమ్మను గట్టిగా అడిగి అసలు గల్లీ తెలుసుకొని, ఇంట్లో చెప్పకుండా చూడడానికి వచ్చిందట. ఆ తర్వాత నాలుగు రోజులు వాడు బయటే తిని వచ్చాడు. 

చిన్నమ్మను బతిమాలితే, శనివారం దాదర్‌లో తెలుగువాళ్ళు కలుసుకునే హాలు దగ్గరికి ఆ పిల్ల వాళ్ళన్నతో వస్తుందని చెప్పింది. రేషన్ కార్డు సంచీలో పెట్టుకొని వెళ్ళాను. వాళ్ళన్న నన్ను కూర్చోమనలేదు. నేను చెప్పిందంతా ఆమె వింది, కార్డు ముందూ వెనకా చూసింది, తిరిగిచ్చింది.

"కార్డుల ఎక్కియ్యకుండ గూడ ఉంటరు గదా. అక్కా, ఆనాడు చెప్పింది అబద్ధమా, ఇయ్యాల చెప్పేది అబద్ధమా? నాకెట్ల తెలవాలె?"

 మా చాళ్‌లో ఎవరినైనా అడగమందామంటే, ఒక సగం మా మీద కోపంతో చెబుతారు, ఇంకో సగం మా కోసం చెబుతారు. ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె అద్దాలు పైకి తోసుకొని ఆలోచించింది.

"ఆ రోడ్డు మీద నిన్ను పిలిచినామెను అడుగుత. ఆమెకు మీ బిల్డింగుల వాటా లేదు."

వాళ్ళన్న వద్దన్నాడు. ఆమె వినలేదు. మరుసటి ఆదివారం ముగ్గురం ఫోరస్ రోడ్ మలుపు దాకా వెళ్ళాం. వాళ్ళన్న అక్కడే ఆగిపోయాడు. నన్ను కూడా ఆగమంది, సైగ చేస్తానేమోనని. ఆమె ఒక్కతే ఆ గడప దగ్గరికి నడిచింది.  ఒకసారి మా దుకాణం యజమాని ఆ గడపలోని ఆమెను గిరాకీల ముందు లోపలికి రావద్దని కసిరితే, నేను తల దించుకొని ఊరుకున్నాను. ఆమె అది మరిచిపోయిందో లేదో నాకు తెలియదు. మరిచిపోకపోతే ఇప్పుడు ఈ సంబంధం చెడడానికి ఆమె ఒక్క మాట చాలు.

ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆమె పక్కకు జరిగి చోటిస్తే పిల్ల గడప మీద కూర్చుంది కూడా. ఒకసారి ఇద్దరూ నా వైపు చూశారు. తిరిగొచ్చాక పిల్ల వాళ్ళన్నతో చెప్పింది.

"పెండ్లి కాలేదంట. అయ్యుంటే నాకు మిఠాయి రాకుండ ఉంటదా అన్నది."

 పరుగున వెళ్ళి గడపలోని ఆమె చేతులు పట్టుకోవాలనిపించింది గానీ ఆ రోజు వెళ్ళలేదు. మర్నాడు ఆమె ఎప్పుడో తెస్తానన్న అద్దాలతో అప్పటికి దుకాణానికి వస్తే, యజమాని చూస్తుండగానే కుర్చీ వేసి కూర్చోబెట్టి అద్దాలు బిగించాను.

పెళ్ళి జరిగింది. కాగితం మీద తప్పు ఇల్లు రాసినందుకు తమ్ముడి చేత వాళ్ళన్న ముందు క్షమాపణ చెప్పించాకే ఆ పిల్ల ఒప్పుకుంది. పదకొండు నెలలు మా గదిలోనే ఉంది. ఆ తర్వాత ఇద్దరూ కల్యాణ్ దగ్గర చిన్న ఫ్లాటుకు వెళ్ళిపోయారు. పేటకు భయపడి కాదు, ఇంట్లోనే పాయిఖానా ఉండాలని. వాళ్ళు సామాను దించుతుంటే, బిల్డర్ ఇచ్చిన ఫ్లాటేనని చాళ్‌లో గుసగుసలాడారు. తాత కూడా నన్ను పక్కకు పిలిచి నిజం చెప్పమన్నాడు.

చాళ్ ఇంకా అలాగే ఉంది. మెట్ల మీద ఎవరైనా ఆగితే నేను ఇప్పటికీ వరండాలోకి వస్తాను. మరదలు నాతో ప్రేమగానే ఉంటుంది. కానీ నేనేం చెప్పినా నా ముఖం ఒక క్షణం ఎక్కువ చూస్తుంది. మొన్న అమ్మకు కొంచెం జ్వరంగా ఉందనీ, రావలసిన పని లేదనీ ఫోనులో చెప్పాను. సరే అంది. గంటన్నర తర్వాత చూస్తే గుమ్మంలో ఉంది. అమ్మ నుదురు తాకి చూసింది, నాలుక చూసింది. జ్వరం నిజంగానే కొంచెమే. గంజి కాచి తాగించి, మధ్యాహ్నం దాకా కూర్చొని, మూడింటి బండికి వెళ్ళిపోయింది.