పరాయి నాలుక

మైపాడు నుంచి నెల్లూరు వచ్చే బస్సులో బఠాణీలు తింటూ పొలమారి దగ్గుతుంటే, పక్క సీట్లో ఆవిడ తన నీళ్ళ సీసా నా చేతికిచ్చింది. గటగటా తాగేశాను.

"ఎట్టుండాయన్నా నీళ్ళు?"

"బాగున్నాయమ్మా."

"మర్యాదకి చెప్పబాకండి. ఇంకో గుక్క నోట్లో పెట్టుకోని చెప్పండి."

వింతగా అనిపించినా అట్లాగే చేశాను. నిజంగానే తియ్యగా ఉన్నాయి. ఆ మాటే చెప్తే ఆవిడ మొహం వెలిగిపోయింది.

వాళ్ళూరి తాగునీటి బావి ఇసుక దిబ్బల్లో ఉందట. దాని పక్కనే ఎవరో రొయ్యల గుంట తవ్వితే, అందులో పెట్టే ఉప్పునీళ్ళు బావిలోకి ఇంకుతాయని ఊరి ఆడవాళ్ళంతా పోయి గొడవచేసి పూడిపించారట. అప్పట్నుంచి వంతులేసుకుని దిబ్బల చుట్టూ తిరిగొస్తారు, మళ్ళీ ఎవరైనా తవ్వుతున్నారేమోనని.

"రుచి మీరే చూసుకోవచ్చుగా?" అన్నాను.

"ఉప్పు ఒక్కసారిగా రాదన్నా, కొంచెం కొంచెంగా ఎక్కతాది. రోజూ తాగే నాలుకకి తెలవదు. అందుకే ఊరు దాటినప్పుడల్లా పరాయోళ్ళకిచ్చి అడగతాం."

దిగే ముందు ఫోన్లో ఎవరితోనో గట్టిగా చెప్పింది. "అక్కా, బస్సులో ఒకన్న తాగినాడు. తియ్యగానే ఉండాయంట!"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఇప్పటికీ ఎవరింట్లో నీళ్ళిచ్చినా మొదటి గుక్క కాసేపు నాలుక మీద ఉంచుకుంటాను. ఎట్టుండాయని మాత్రం ఎవరూ అడగరు.