ఒక దెబ్బకు ఆగాలి

మా బావ సుబ్బరామితో కొండకు పోవాలంటే ఓపిక కావాలి. నాకది పుట్టుకతోనే లేదు. బళ్ళారి స్టేషన్లో రైలెక్కక ముందే ఆయన మా తలకాయలు లెక్కపెడతాడు. ఎక్కి కూర్చున్నాక మళ్ళీ లెక్కపెడతాడు. కూరెకుప్ప వైపు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనపడేసరికి ఇంకోసారి. దారిలో ఎవరైనా బాత్రూంకి పోతే, వాళ్ళు బయటికొచ్చేదాకా తలుపు దగ్గర కాపలా నిలబడతాడు.

"బావా, రైల్లోంచి ఎవరూ తప్పిపోరు. వచ్చి కూచో" అంటే, "నీకేం తెల్సు హారతీ! తప్పిపోయే రాత ఉంటే రైలైతే ఏంది, ఇల్లైతే ఏంది" అంటాడు. అట్లాంటి మనిషికి ఎదురు చెప్పి లాభం లేదు.

ఆయన మా అక్క రేణుక భర్త. వాళ్ళది కప్పగల్లు, రెడ్లు. ముత్తాతల నాటినుంచి అక్కడే సేద్యం. గనుల రోజుల్లో ఊళ్ళో సగంమంది లాగే ఈయనా ఒక లారీ కొని, మంజుకొండ నుంచి ఖనిజం తోలాడు. ఇప్పుడు లారీ లేదు. చేలో మిరప వేస్తాడు. వానాకాలం ఆదివారాల్లో మాత్రం, కొండ చూడాలని సరదాపడే బళ్ళారి జనాన్ని వెంటబెట్టుకుని మంజుకొండ ఎక్కిస్తాడు. పైసా తీసుకోడు. ఎవరైనా బలవంతంగా చేతిలో పెట్టబోతే కోపం వస్తుంది.

మంజు అంటే కన్నడంలో పొగమంచు. కొండకు ఆ పేరు ఊరికే రాలేదు. పొద్దున పోయి సాయంత్రం తిరిగొచ్చే ప్యాసింజరు ఒకటుంది, ఒకప్పుడు గనుల కోసం వేసిన లైను మీద. చివరి స్టేషను మంజుకొండ హాల్ట్. ఒక రేకుల షెడ్డు, ఒక బెంచీ, హులిగప్ప టీ అంగడి. అక్కడ దిగితే ఆటో అక్కర్లేదు, బస్సు అక్కర్లేదు. పట్టాల పక్కనుంచే కాలిబాట మొదలవుతుంది. నాలుగు వానలు పడితే ఆ ఎర్రకొండ మొత్తం పచ్చబడుతుంది. పైకెక్కి చూస్తే ఒకవైపు డ్యాం నీళ్ళు, కాలవల కింద వరి మళ్ళు. రెండోవైపు తవ్వి వదిలేసిన గనులు. మా బావ ఎప్పుడూ మొదటి వైపే చూపిస్తాడు. రెండోవైపుకు వీపు పెట్టి నిలబడతాడు.

ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడరు. ఆయన లారీకి మౌనేష్ అని ఒక క్లీనరు ఉండేవాడు. లారీ వెనక్కి తీసేటప్పుడు వాడు వెనక నిలబడి బాడీ మీద అరచేత్తో కొట్టేవాడు. రెండు దెబ్బలంటే రమ్మని. ఒక దెబ్బంటే ఆగమని. ఒక వానాకాలం ఉదయం, కొండ వెనక పాత గుంత గట్టున, చాచిన చెయ్యి కనపడని మంచులో మా బావ లారీ వెనక్కి తీస్తున్నాడు. రెండు దెబ్బలు, మళ్ళీ రెండు, మళ్ళీ రెండు. తర్వాత ఒకటి. వెంటనే బ్రేకు వేశాడు. హారన్ కొట్టి అడిగాడు, ఇంక ఏమని. జవాబు లేదు. మళ్ళీ కొట్టాడు. జవాబు లేదు. దిగి చూస్తే వెనక చక్రాల అవతల గట్టు లేదు, మౌనేష్ లేడు. కింద ఎర్ర బురద మడుగు. లారీని ఆపిన ఆ దెబ్బే వాడి చివరి పని.

ఆ తర్వాత ఆయన స్టీరింగ్ పట్టలేదు. భయం మాత్రం పట్టుకుంది. మరి అంత భయం ఉన్నవాడు ఆ కొండకే ఎందుకు పోతాడని ఒకసారి అడిగాను. "నేను పోకుంటే జనం పోకుండా ఉంటారా? తెలిసినోడు ఒకడు తోడుండాల గదా" అన్నాడు. నాకప్పుడు నవ్వాలనిపించలేదు.

కొండ మీద ఆయన పద్ధతి కూడా ఆ లారీదే. పాత వీల్ స్పానరు ఒకటి, స్టీలు తట్ట ఒకటి సంచిలో వేసుకొస్తాడు. తట్ట మీద రెండుసార్లు కొడితే నడవాలి. ఒకసారి కొడితే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగాలి, అందరికంటే వెనకున్న మనిషి తిరిగి ఒక దెబ్బ కొట్టాలి, నేనున్నాను అని. ఆ జవాబు వినపడితేనే ఆయన ముఖంలోకి రక్తం వస్తుంది.

మొన్నటి శ్రావణంలో నేను మా ఆఫీసు హిమజను పిలిచాను. ఇద్దరం ఒకే జీన్స్ వాషింగ్ యూనిట్లో లెక్కలు రాస్తాం. హిమజ వాళ్ళమ్మ నాగలక్ష్మమ్మను కూడా తీసుకొచ్చింది. వాళ్ళది కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి వేసుకున్న కుటుంబం. సిరుగుప్ప వైపు, అట్లా వచ్చినవాళ్ళు కట్టుకున్న క్యాంపులో ఉంటారు. ఆమెకు అరవై దాటాయి, మోకాళ్ళు నొప్పులు, అయినా నోరు మాత్రం కుర్రది. నాకు చూడగానే నచ్చింది.

"మా పొలం గట్టు మీంచి ఈ కొండ రోజూ కనపడుద్దమ్మా, నీలంగా. పెళ్ళై వచ్చిన కాడ్నించీ చూస్తన్నా. ఆ కొండ మీంచి మా పొలం కనపడుద్దో లేదో ఒక్కసారి చూడాలి" అంది రైల్లో.

ఆమె నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి వెనక మనిషి పని ఆమెకే ఇచ్చాడు బావ. ఆమె దగ్గర స్టీలు క్యారేజి ఉంది, గరిటె ఉంది. రైల్లోనే నేర్చుకుంది. ఆయన తట్ట మీద ఒకటి కొడితే ఆమె క్యారేజి మీద ఒకటి కొట్టి, "బాగుందండీ సుబ్బరామిగారూ, మా దూడకి కూడా నేర్పిస్తా" అని పడీపడీ నవ్వింది. పెట్టెలో అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. "ఒక దెబ్బకు ఆగాలమ్మా. రెండు కొట్టేదాకా అడుగు తీసి అడుగు వేయొద్దు. మర్సిపోవద్దు" అన్నాడు.

"అట్టాగే లెండి బాబూ, నా మీద ఒట్టు" అంది ఆమె.

పైకి బాగానే ఎక్కాం. పులిహోర తిన్నాం. కానీ మంచు విడవలేదు. డ్యామూ లేదు, మళ్ళూ లేదు, తెల్లటి గోడ తప్ప. నాగలక్ష్మమ్మ ఆ గోడ వైపే చూస్తూ చాలాసేపు కూర్చుంది. పాపం, చిన్నపిల్లలా ముఖం ముడుచుకుంది. వాన మొదలవడంతో బావ కంగారుపడి అందరినీ దింపడం మొదలుపెట్టాడు.

సగం దిగాక ఆయన ఒక దెబ్బ కొట్టాడు. ఆగాం. వెనకనుంచి ఠంగుమని జవాబు వచ్చింది. సరేనని రెండు కొట్టాడు, నడిచాం. దారి చీలే బండ దగ్గర మళ్ళీ కొట్టాడు. మళ్ళీ జవాబు వచ్చింది, ఈసారి దగ్గర్నుంచి. దాంతోపాటే నవ్వులు. మంచులోంచి కాలేజీ కుర్రాళ్ళు కొందరు దిగొచ్చారు. ఒకడి చేతిలో స్టీలు నీళ్ళ బాటిలు, దాన్ని తాళంచెవితో కొడుతున్నాడు. మేం చేసేది ఆట అనుకున్నారట.

"ముందు పలికింది కూడా మీరేనా?" అన్నాను.

"అవునాంటీ!"

ఆ బాటిలు లాక్కుని వాడి నెత్తిన ఒకటి వేయాలనిపించింది. కానీ అంతలోనే హిమజ వెనక్కి చూసి, "అమ్మేదీ?" అంది.

అమ్మ లేదు. దారి పక్కకు పొదల్లోకి పోయి ఉంటుంది, నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడి ఉంటుంది. తిరిగొచ్చేసరికి మంచులో బాట కనపడి ఉండదు. ఆమె ఫోను చూస్తే హిమజ సంచిలోనే ఉంది. అందరం గొంతులు చించుకున్నాం. గాలి మా కేకల్ని మా ముఖానే కొట్టింది.

బావ బండమీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళూ ఏది జరుగుతుందని భయపడ్డాడో అది జరిగింది. ఆయన భయాన్ని ఎగతాళి చేసే నేనే ఈసారి తలకాయలు లెక్కపెట్టాను.

"బావా, లే. కింద హాల్టుకు చేరుకుందేమో."

"బాట తెలిస్తే గదా చేరేది" అన్నాడు. మాతో వచ్చిన మిగిలిన బళ్ళారి వాళ్ళను ఆ కుర్రాళ్ళతో హాల్టుకు పంపి, హులిగప్పకు చెప్పమన్నాడు. మేం ముగ్గురం మిగిలాం.

హిమజ ఏడుస్తూనే అంది: "అమ్మకి దారి తెలీకపోతే నీళ్ళెంట పోతుందండీ. మా క్యాంపులో అందరం అంతే. కాలవ పట్టుకుని కిందకి పోతే ఏదో ఒక ఊరు తగుల్తుంది. చిన్నప్పుడు మాకదే చెప్పేవాళ్ళు. ఇక్కడేమైనా కాలవ ఉందా?"

ఉంది. మేం దిగొచ్చిన బాటకు కాస్త అవతలే ఉంది. గనులు నడిచేటప్పుడు వాన నీళ్ళు మళ్ళించడానికి కొండ నడుము చుట్టూ కట్టిన సిమెంటు కాలవ. చూస్తే అచ్చం పొలం కాలవలాగే ఉంటుంది, పక్కనే నడిచే గట్టుతో సహా. కానీ అది ఏ ఊరికీ పోదు. కొండ వెనక్కి తిరిగి పాత గుంతలోకి పోతుంది. ఆ గుంతలో బురద పైన పెచ్చుకట్టి గట్టి నేలలా కనపడుతుంది. పశువులు దిగి మునిగిపోయాయి. మౌనేష్ పోయింది అక్కడే.

బావ నా వైపు చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేను. ఇన్నేళ్ళలో ఆయన ఆ వైపు అడుగు పెట్టలేదు.

"నడువు" అన్నాడు. నాతో కాదు, తనతోనే.

కాలవ గట్టు మీద తడి మట్టిలో చిన్న హవాయి చెప్పుల గుర్తులు కనపడ్డాయి. తడబాటు లేని అడుగులు. ఇంటికి పోతున్న మనిషి అడుగులు. అవి చూసి హిమజకు ఆశ పుట్టింది, నాకు ఆ కాలవ ఎక్కడ తేలుతుందో గుర్తొచ్చింది. బావ పరిగెత్తాడు. ఒక మలుపు, ఇంకో మలుపు. కాలవలో నీళ్ళు మాకంటే ముందు ఉరుకుతున్నాయి. చివరి మలుపు దగ్గర ఆయన ఠక్కున ఆగిపోయాడు.

"గుంత ఇదే" అన్నాడు. ముందు ఏమీ కనపడదు. నీళ్ళు ఎక్కడో కిందికి పడుతున్న చప్పుడు మాత్రం ఉంది.

"అమ్మా!" అని హిమజ అరవబోతే ఆయన ఆమె నోరు మూశాడు. "పిలవద్దు. ఈ మంచులో గొంతు యాడ్నించి వస్తాందో తెలీదు. పిలిస్తే ముందుకు నడుస్తాది."

స్పానరు తీశాడు. తట్ట తీశాడు. కొట్టలేదు.

"కొట్టు బావా."

ఆయన పెదవులు కదిలాయి. "కొట్టినాంక పలక్కుంటే?"

నా భయమూ అదే. కొట్టకపోతే ఆమె ఇంకా నడుస్తూనే ఉన్నట్టు. కొట్టి, జవాబు రాకపోతే అంతా తెలిసిపోయినట్టు. వానకు ఆయన చేతిలో తట్ట చిన్నగా మోగుతోంది. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. "నీ మాట విని ఆగేది ఆమె ఒక్కతే బావా. నేనెప్పుడైనా విన్నానా? కొట్టు."

కళ్ళు మూసుకుని ఒక దెబ్బ కొట్టాడు.

వాన. నీళ్ళు. గాలి. హిమజ నా చెయ్యి ఎముక నొప్పిపుట్టేలా పిసికేస్తోంది. బావ మెడ ముందుకు సాచి, ఆ రోజు లారీ తలుపు దగ్గర జవాబు కోసం ఎట్లా నిలబడి ఉంటాడో అట్లా నిలబడ్డాడు.

ఠంగ్.

క్యారేజి మీద గరిటె. ఒక్కటే దెబ్బ.

బావ ఉన్నచోటే మోకాళ్ళ మీద కూలిపోయాడు. తట్టను గుండెకు హత్తుకుని ఏడ్చాడు, నోరు తెరిచి, పెద్దగా. ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి. హిమజ "అమ్మా, రా!" అని అరుస్తోంది. అమ్మ రావడం లేదు. ఎందుకు రావడం లేదు? పడిపోయిందా, కూరుకుపోయిందా?

అప్పుడు వెలిగింది నాకు. ఒట్టు వేసింది కదా మహాతల్లి. బావ చేతిలోంచి స్పానరూ తట్టా లాక్కుని రెండు కొట్టాను.

చెప్పుల చప్పుడు మొదలైంది. తపతపా తపతపా. ముందు క్యారేజి కనపడింది, తర్వాత తడిసిన చీర, తర్వాత కోపంతో ఎర్రబడిన ముఖం. ఆమె వెనక మంచు కాస్త పలచబడింది. ఆమె నిలబడ్డ చోటుకు అవతల నాలుగడుగుల్లో గట్టు అయిపోయి ఎర్రగా, నున్నగా, అలికిన కల్లంలాంటి నేల కనపడింది. ఆమె దాన్ని చూడలేదు. చూసింది మేమే.

"ఒక్కటి కొట్టి ఊరుకున్నారేంటండీ? ఆగమంటే ఆగా కదా, రమ్మని కొట్టొద్దూ? వానలో అట్టా నిలబెట్టేశారు! నేను తిరిగి కొట్టింది వినపళ్ళేదా మీకు?"

బావ లేచాడు. తుండుతో ముఖం తుడుచుకున్నాడు. ఆమె భుజం అవతలికి, ఆ ఎర్రటి నేల వైపు మొదటిసారి నిండుగా చూశాడు.

"వినపడిందమ్మా" అన్నాడు. "ఇన్నాళ్ళకు వినపడింది."

ఆమె చేతిలోని క్యారేజి తను అందుకుని ముందు నడిచాడు.