మొలవని సాలు

నేను గొర్రు పట్టి విత్తిన చేలో ఒక్క సాలు వంకర పోయేది కాదు, ఒక్క చోట మొలక తప్పేది కాదు. కోడుమూరు నుంచి వచ్చే ఎర్రబస్సు డ్రైవరు మా చేను దగ్గర బండి ఆపి, కిందికి దిగి, నడుము మీద చేతులు పెట్టుకుని కాసేపు ఆ సాళ్లను చూసి మరీ పోయేవాడు. ఈ మాట నేను మా ఊరి టీ అంగట్లో చెప్పని రోజు లేదు. ఆ వెనకే, ఈ కాలం పిల్లలకు పనంటే భయం లేదు, బాధ్యత లేదు, చెవుల్లో పాటలు పెట్టుకుని ట్రాక్టరు తోలితే భూమికి మర్యాదేముంటుందని కూడా అనేవాణ్ణి. ఈ ఉదయం మా మరదలి చేను పక్కగా నడిచి పోతుంటే వేరుశనగ మొలకలు కనిపించాయి. మధ్య మధ్య కొన్ని సాళ్లు మిగతావాటికంటే ఒక ఆకు వెనకబడి ఉన్నాయి. ఆ పొట్టి సాళ్లను చూశాక అంగట్లో పాత మాట ఎత్తడానికి నోరు రాలేదు.

మా కూతురి కొడుకు కడపలో డిగ్రీ చదివి వచ్చి, ట్రాక్టరూ దానికి తగిలించే విత్తనాల గొర్రూ పెట్టుకుని అడిగినవాళ్ల చేలు విత్తుతున్నాడు. మా పక్క విత్తనానికి ముహూర్తం పెట్టేది పంచాంగం కాదు, పదును. వాన పడి నేలలో తడి ఉన్న నాలుగు రోజుల్లో గింజ లోపలికి పోవాలి. ఆరిపోయాక వేస్తే నేల దాన్ని వేయించి పెడుతుంది తప్ప మొలిపించదు. ఆ హడావిడిలోనే మావాడు మా మరదలి చేను విత్తి వచ్చాడు. ఆమె మొగుడు పోయిన మనిషి. ఉన్నది ఆ ఒక్క ఎర్రనేల చేను. నిరుడు వాన లేక ఏమీ పండలేదు. ఈసారి విత్తనాల కాయలు తనే కూర్చుని, బొటనవేలు వాచేదాకా వలిచి పెట్టుకుంది.

మర్నాడు తెల్లవారి వాడు వాకిట్లో గొర్రు కడుగుతున్నాడు. నేను వేపపుల్ల నములుతూ అరుగు మీద ఉన్నాను. ఉన్నట్టుండి చేతిలోని నీళ్ల పైపు వదిలేసి గొర్రు కిందికి వంగాడు. గింజలు దిగే తొమ్మిది గొట్టాల్లో ఒకటి తడిమట్టితో బిగుసుకుపోయి ఉంది. ఎప్పుడు బిగుసుకుందో, చేను ఎంతమేర ఆ సాలు ఖాళీగా పోయిందో తెలియదు. పైన మన్ను కప్పుకుంటే అన్ని సాళ్లూ ఒక్కలాగే ఉంటాయి. మొలకలు వచ్చేదాకా ఆ సంగతి భూమికి తప్ప ఎవరికీ తెలియదు. నేను పెద్దవాణ్ణి గదా, ఉపాయం చెప్పాను.

"మన్ను కప్పుకోని ఉండాదిలే నాయనా. మొలిచినాక అడిగితే చీమలు తినిపోయినాయని చెప్పు."

వాడు గొట్టంలోకి పుల్ల పెట్టి మట్టి తోస్తూనే అన్నాడు. "చీమలు సాలు పట్టుకోని తింటాయా తాతా?"

నేను వేపపుల్లను రెండో దవడకు మార్చుకున్నాను.

ఆ పూట వాడు విత్తాల్సింది ఊరికి అవతల ఒక పెద్ద రైతు చేను. ఆయన బేరం కుదిరితే ఈ విత్తనాల కాలమంతా పని వెతుక్కునే అవసరం ఉండదు. వాడు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు, మధ్యాహ్నం మీద వస్తానన్నాడు. అవతలి కేకలు నాకు అరుగు మీదికే వినిపించాయి. ఆయన ఇంకో ట్రాక్టరు పిలుచుకున్నాడు. మావాడు ఫోను జేబులో వేసుకుని మరదలింటికి పోయి, గడప బయటే నిలబడి జరిగింది చెప్పాడట. ఆమె తిట్టలేదు. "పదును ఇంగా ఉండాదా రా?" అని మాత్రం అడిగిందట. ఉండాదని చెప్పి చేనికి నడిచాడు. వెనకే మరదలు, మా ఇంటామె చెరొక గంపతో. మళ్లీ ట్రాక్టరు దించితే వేసిన గింజలు చెదిరిపోతాయి, అందుకని చేత్తోనే. వాడు వేలితో మన్ను గీరి చూడటం, గింజ తగలని సాలు దొరికితే ఆడవాళ్లకు చెయ్యి ఊపటం, వాళ్లు వంగి ఒక్కొక్క గింజే వేసి కాలితో మన్ను కప్పటం. ఎండ నెత్తికెక్కి దిగేదాకా అదే పని.

సాయంత్రం టీ అంగట్లో ఆ పెద్ద రైతు నన్ను చూసి, అందరికీ వినపడేట్టు అన్నాడు. "ఏమప్పా, నువ్వు చెప్పేది నిజమే. ఈ పిల్లోళ్లకు బాధ్యత యాడుండాది? మాట ఇచ్చి ఎగ్గొడతారు." నా వంట నాకే వడ్డించాడు. జవాబు నాలుక చివరే ఉంది. చెబితే మావాడి గొట్టం సంగతి ఊరంతా తెలుస్తుందని మింగేశాను. ఇంటికొచ్చి చూస్తే, వాడు అప్పటికే తను ఎవరెవరి చేలు విత్తాడో ఆ ఇళ్లన్నీ తిరిగి, మీ చేలల్లో కూడా ఒకసారి గీరి చూసుకోండని చెప్పి వచ్చాడు.

మా కాలంలో ఎద్దుల గొర్రుకు పైన జడ్డిగం అని ఒక చెక్కగిన్నె ఉండేది. మొగవాడు ఎద్దులను తోలుతుంటే, వెనక నడుస్తూ అందులో గింజలు వదిలేది ఆడమనిషి. గొట్టం మూసుకుంటే ఆ సాలు మొలవక బోసిగా నిలిచేది. అప్పటికి వేరుశనగకు అదును దాటిపోతుంది గనక, విత్తినవాళ్లే మళ్లీ వచ్చి అందులో ఉలవలు వేయాలని మా ఊరి కట్టడి. పచ్చటి వేరుశనగ మధ్య ఉలవ తీగ పాకిన సాలు కనబడితే, దారిన పోయేవాళ్లు ఈ చేను విత్తిన మహానుభావుడెవరని అడగకుండా కదిలేవారు కాదు. ఇక దాచి లాభం లేదు. ఒక ఏడు మా చేలోనూ ఉలవ సాలు వచ్చింది. బస్సు డ్రైవరు దిగింది మా బావి నీళ్లు ఇంజనులో పోసుకోవడానికి. సాళ్లను చూసిన మాట నిజమే. చూసి నవ్వేవాడన్న మాట ఇన్నాళ్లూ మింగేశాను. ఆ ఏడు నేనూ మా ఇంటామె ఇద్దరం ఎండలో వంగి ఉలవలు వేసి ఆ తప్పు దిద్దుకున్నాం. ఇప్పుడు ఆ బావి పూడిపోయింది, ఆ బస్సు ఏ పాత ఇనుములో కలిసిందో. కాలం మన ఖాళీ సాళ్ల మీద కూడా మన్ను కప్పి, అన్నీ మొలిచినట్టే చూపిస్తుంది.

ఇదంతా రాసి మా ఇంటామెకు చదివి వినిపించాను. బియ్యంలో రాళ్లు ఏరుతూ చివరిదాకా విని, చేట పక్కన పెట్టింది.

"ఇద్దరమా? ఉలవలు నేనేసినా. నువ్వు గట్టు మీద కూసోని బస్సు వచ్చేది చూస్తాంటివి."