కొండకు దుప్పటి ఎవరు కప్పినారు

పక్కింటి అక్క పోయింది. ఈ మాట రాశాక కూడా నమ్మలేకుండా ఉన్నాను. రోజువారీ లెక్కలు తప్ప మరేమీ రాసే అలవాటు లేనివాణ్ణి. తప్పులుంటే చదివేవాళ్ళు మన్నించాలి.

ఆ ఉదయం పాల పాకెట్టు తీయడానికి తలుపు తెరిస్తే, ఆమె కోడలు మెట్ల మీద నిలబడి ఉంది.

“మామా, అత్త లేవలే.”

“జ్వరమా?”

“లేదు మామా. లేవలే.”

ముందురోజు సాయంత్రం ఆమె అవే మెట్ల మీద కూర్చుని నా మనవరాలితో వాదులాడింది. మధ్యలో ఒక్క రాత్రి, అంతే.

ఆమె తమిళ బడిలో చిన్నపిల్లల టీచరుగా చేసి రిటైరైంది. మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చేది తమిళం. అందుకే పిల్లల పాటలు తెలుగులో కట్టి తమిళ అక్షరాలతో రాసుకునేది. ఏ పాటనూ తనంతట తాను ముగించేది కాదు. మా వీధి పిల్లలకు చదివి వినిపించేది. “అట్ల లేదవ్వా” అని ఒక్కరు అన్నా చాలు, ఆ వరుస కొట్టేసేది.

“ఏమక్కా, ఇంత పిల్లకు భయపడతావు?” అని నవ్వేవాణ్ణి.

“దాని కండ్లు నా కండ్లకంటే కొత్తవి తమ్ముడా” అనేది.

పిల్లల పాటలు ముద్దుగా ఉండాలని అందరూ అంటారు. ఆమె ఒప్పుకునేది కాదు. “పిల్లోళ్ళకి వాళ్ళ మాట ముద్దు కాదు, నిజం” అనేది. మిల్లు సైరను మోగగానే తల్లి పరుగెత్తడం చూసి, మిల్లుకు ఆకలేసిందని ఒక పాప అంది. అక్క ఆ మాటను అట్లాగే పాటలో పెట్టింది. విన్న మిల్లు ఆడవాళ్ళు ముందు నవ్వారు. తరువాత ఎవరూ నవ్వలేదు. పిల్లలేదైనా అంటే ఆగి వినడం నాకు ఆమె వల్లే వచ్చింది.

ఆ చివరి సాయంత్రం ఆమె చదివిన వరుస, “మబ్బు దుప్పటి కప్పుకొని కొండ పండుకొన్నది.”

“దానికి చెయ్యి లేదే అవ్వా. దుప్పటి ఎవరు కప్పినారు?” అంది మనవరాలు.

“అట్లంటే మబ్బు లోపల కొండ ఏమి చేస్తాదంటావు?”

“ఇప్పుడు చీకటి. పొద్దున్నే మొట్టమాడి ఎక్కి చూసి చెప్తాను.”

“సరి. నువ్వు చెప్పినాకనే పాట ముగిస్తాను. ఏమార్చకూడదు.”

కోడలు వెళ్ళిపోయినా పాకెట్టు నా చేతిలోనే ఉంది. మొట్టమాడి, అంటే మా డాబా మీద నుంచి మనవరాలు పరుగున దిగివచ్చింది.

“తాతా, తెలిసిపోయింది. కొండ నీళ్ళు పోసుకుంటా ఉంది. ఎవరూ చూడకూడదని మబ్బు అడ్డం పెట్టుకుంది. అవ్వకి చెప్పొస్తాను.”

చెప్పవలసినవాణ్ణి నేనే. ఆరేళ్ళ పిల్లకు ఎట్లా చెప్పాలో తెలియలేదు. అవ్వ ఇంకా లేవలేదన్నాను. అది అబద్ధం కాదు. కాసేపటికి మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే అన్నాను. పక్కింట్లో ఏడుపులు మొదలయ్యాక ఆపలేక చెయ్యి పట్టుకొని బయలుదేరాను, దారిలో చెబుదామని. దారి అంటే రెండు ఇళ్ళ మధ్య ఒక గోడ.

వాళ్ళ పెరట్లో నలుగురు ఆడవాళ్ళు చీరలు అడ్డం పట్టుకొని నిలబడి ఉన్నారు. లోపల చెంబుతో నీళ్ళు పోస్తున్న చప్పుడు.

“అవ్వ ఆడ ఉంది” అన్నాను.

మనవరాలు చీరలను చూసింది. చప్పుడు వింది.

“నీళ్ళు పోసుకుంటా ఉందా తాతా?”

“అవును.”

నా చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగింది. రెండు చేతులతో కళ్ళు మూసుకుంది.

“పోసుకొని రానీ. అప్పుడు చెప్తాను.”

చీరల కింద నుంచి నీళ్ళు పారి మనవరాలి మడమల దాకా వచ్చాయి. ఆమె వెనక్కి తిరగలేదు.