వైవా కల్ అంట

మా ఆయన చెప్పే కథ నమ్మకండి. ఆయన మొదలుపెడితే మా డెలానీపూర్ క్వార్టర్లలో సగం మంది టీ గ్లాసులు పట్టుకుని చుట్టూ చేరతారు. "మా ఆవిడ పీతల కూర తింటూ కూర్చుని ఎం.ఏ. వైవా సంగతే మర్చిపోయింది" అని ఎత్తుకుని, స్కూటర్ మీద తాను చేసిన సాహసంతో ముగిస్తారు. అందరూ నవ్వుతారు. నేనూ అక్కడే ఉంటాను. మధ్యలో నోరు తెరిచానా, "చూశారా, చూశారా" అని ఇంకోసారి నవ్వుతారు. అందుకే రాస్తున్నాను. రాసేటప్పుడు ఎవరూ అడ్డం రాలేరు.

నేను మర్చిపోలేదు. మర్చిపోవాలంటే ముందు తెలిసుండాలి కదా? పీతల తప్పూ లేదు, వండినావిడ తప్పు అసలే లేదు. తప్పంతా ఒక్క మాటది. పట్టుమని రెండక్షరాలు లేవు దానికి. కల్.

పెళ్లయి విశాఖ నుంచి ఈ దీవికి, పోర్ట్ బ్లెయిర్‌కి, వచ్చేనాటికి నా చేతిలో బి.ఏ. ఉంది. ఎం.ఏ. తర్వాత చేద్దువులే అన్నారు. ఆ 'తర్వాత' మా పిల్లలు కాలేజీ చదువులకు మెయిన్‌లాండ్ వెళ్లాక గానీ రాలేదు. దూరవిద్యలో సోషియాలజీ కట్టాను. ఇంట్లో ఒకటే నవ్వులు. నేను పుస్తకం ముందు కునికితే ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేవారు. సరే, అన్నీ భరించి పరీక్షలు రాశాను, ప్రాజెక్టూ రాశాను. అది మాత్రం పంతం కొద్దీ రాశాను. ఇక్కడి తెలుగువాళ్లం హిందీ కలిపి మాట్లాడతాం. ఆంధ్రా నుంచి ఏ చుట్టం వచ్చినా "మీ తెలుగు పాడైపోయిందే" అని మూతి తిప్పుతుంది. ఆ మూతులన్నిటికీ కలిపి అదే నా జవాబు. ఇలా కలిపి మాట్లాడటం వల్ల అర్థానికి ఏ నష్టమూ లేదు అని చివరి పేజీలో తేల్చిపారేశాను. ఇక వైవా ఒక్కటే మిగిలింది. అది తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే. ఇంకో ఏడాది ఆ ఫొటోలు భరించే ఓపిక నాకు లేదు.

క్లాసుల్లో నాకు ఇద్దరు స్నేహితులు దొరికారు. ఒకావిడ హట్ బేలో టీచరు. నాకంటే చిన్నది, అక్కా అంటుంది. ఎవరేమన్నా "అవునక్కా" అంటుంది. అందుకు సరిగ్గా అడ్డంగా ఇంకొకరు మాట్లాడినా అవునక్కే. క్లాసులప్పుడు ఓడెక్కి వచ్చి మా ఇంట్లోనే దిగుతుంది. ఆవిడ భుజం మీది సంచిలో మాత్రం దువ్వెన నుంచి టార్చిలైటు దాకా అన్నీ ఉంటాయి, ఎక్కడికెళ్లినా మోసుకొస్తుంది.

రెండోది మిన్నీ బే పిల్ల. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఇక్కడే పుట్టింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది. చదవమంటే మాత్రం నాలుగక్షరాలకోసారి ఆగి నా మొహం చూస్తుంది. మొదటి రోజు ఆంటీ అన్నందుకు నా చేత చీవాట్లు తిని దీదీలోకి మారింది.

పరీక్షలయ్యాక వైవా చేసే ఆయన మెయిన్‌లాండ్ నుంచి రావాలి. వానలు పట్టుకున్నాయి. ఫ్లైటు ఒక రోజు దిగుతుంది, ఒక రోజు మా నెత్తి మీద చక్కర్లు కొట్టి వెనక్కి పోతుంది. కాబట్టి వైవా తేదీ ఆకాశంలోనే ఉంది. పిల్లకి స్కూటీ ఉంది గనుక దూరవిద్య సెంటరుకు వెళ్లి కనుక్కునే పని ఆమెకు అప్పజెప్పాం. బయటి పనులు మేమిద్దరం చూసుకున్నాం.

మొదట అబెర్డీన్ బజార్‌లో ప్రాజెక్టుల బైండింగు. నీలం అట్ట వెయ్యమని చెప్పి, దోసెలు తిని వచ్చేసరికి ఎర్ర అట్ట వేసి పెట్టాడు.

"భయ్యా, ఇదేం నీలం?"

"నీలా ఖతమ్, దీదీ. లాల్ భీ అచ్ఛా లగ్తా హై."

"నాకు అచ్ఛా లగట్లేదు. ఆవిడకీ లగట్లేదు. కదమ్మా?"

"అవునక్కా," అంది టీచరమ్మ. అట్ట నిమిరి, "ఎరుపు కూడా బాగానే ఉందక్కా," అంది. ఎర్ర అట్టలతోనే ఇంటికొచ్చాం.

మర్నాడు టీచరమ్మకి హట్ బే ఓడ టికెట్టు. వైవా ఎప్పుడో తెలియకుండా టికెట్టెలా కొంటావే అంటే, ఓడ దొరికినప్పుడు ఎక్కకపోతే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదంది. అందులో న్యాయం ఉంది, నేనే ఊరుకున్నాను. క్యూలో గొడుగులు గొడుగులకు తగులుకుంటూ నిలబడి టికెట్టు సాధించాక, ఎదురుగా కార్బిన్స్ కోవ్ వైపు వెళ్లే బస్సు ఖాళీగా కనిపించింది. పోర్ట్ బ్లెయిర్‌లో ఖాళీ బస్సు కనిపించడం అంటే ఎక్కమనే అర్థం. ఎక్కాం. వాన వెలిసిన బీచి, మిరపపొడి జల్లిన పచ్చి మామిడి ముక్కలు, మోకాలి దాకా నీళ్లలో నిలబడి ఇద్దరం నవ్విన నవ్వులు. టీచరమ్మ చెప్పు ఒకటి అల పట్టుకుపోతే, దాని వెంట నేను పరిగెత్తాను. చెప్పు దొరికింది, నా చీర మాత్రం నడుము దాకా తడిసింది. సెంటరూ గుర్తులేదు, చదువూ గుర్తులేదు. ఫోన్లు టీచరమ్మ సంచి అడుగున టార్చిలైటు కింద నిద్రపోయాయి.

ఆ మరుసటి రోజంతా టీచరమ్మ ఇంటికి కావలసిన మిక్సీ జారు, పిల్లాడి రెయిన్‌కోటు. సాయంత్రం డెలానీపూర్‌లో నేను బజ్జీలు వేస్తుంటే పిల్ల వాయిస్ మెసేజ్ వచ్చింది. టీచరమ్మ స్పీకర్లో పెట్టింది.

"దీదీ, వైవా కల్ అంట. పూరా పక్కా. టెన్షన్ మత్ లో. మా అమ్మ పీతలు వండుతాది, దుపహర్‌కి ఇద్దరూ మా ఇంటికొచ్చేయండి."

ఇప్పుడు మీరే చెప్పండి. కల్ అంటే హిందీలో నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. నిన్న మేం ఎక్కడున్నాం? బీచిలో, చెప్పు వెంట పరిగెడుతూ. పని ఎగ్గొట్టి షికారు కొట్టినవాళ్ల చెవికి ఆ మాట ఎలా వినిపిస్తుంది? నిన్ననే అయిపోయింది అని వినిపిస్తుంది. టెన్షన్ పడకు అన్నది ఓదార్పులా వినిపిస్తుంది. పీతలు పరామర్శ భోజనంలా వినిపిస్తాయి.

"అయిపోయిందే! నిన్ననే అయిపోయింది!" అన్నాను.

"అవునక్కా," అని టీచరమ్మ మంచం మీద కూలబడింది.

ఫోన్ చేసి అడగొచ్చు కదా అని మా ఆయన ఇప్పటికీ అంటారు. కోపం వచ్చినవాళ్లు అడగరండీ, చెబుతారు. నేను చెప్పాను. బజ్జీల చేతిని కొంగుకు తుడుచుకుని, నా భాష మీద నాకున్న అభిమానం కొద్దీ, అచ్చ తెలుగులో, తెలుగక్షరాల్లోనే, ఫోను తెర మూడుసార్లు జరిపితే గానీ అయిపోనంత పొడుగున టైపు చేశాను. నిన్ననగా అయిపోయినదాన్ని ఇవాళ సాయంత్రం చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది అన్నాను. నీ వంటి బాధ్యతలేని మనిషిని నమ్మడం నా బుద్ధితక్కువ అన్నాను. చదువంటే స్కూటీ మీద షోకు చేయడం కాదన్నాను. ఇంకా చాలా అన్నాను. పంపించాను. నీలం టిక్కులు పడ్డాయి. కాసేపటికి జవాబు వచ్చింది. బొటనవేలు. పైకెత్తిన బొటనవేలు ఒక్కటి!

"చూశావా దాని పొగరు?" అన్నాను. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి అడిగితే, వైవా అయిపోయిందిట, పోయిందిట, ఇంక నన్నేమీ అడగొద్దు అని చెప్పేశాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఒక వాయ బజ్జీలతో సరిపెట్టాను.

పొద్దున్న టీచరమ్మ మెల్లగా కదిపింది. "పోనీ అక్కా, పిలిచింది కదా. తినేసి వద్దాం."

"అంతేసి తిట్లు తిట్టి, దాని ఇంటికే భోజనానికి వెళ్తామా?"

"అవునక్కా, బాగుండదు."

"అలాగని వాళ్లమ్మ తెచ్చిన పీతలు పాడుచేస్తామా?"

"అవునక్కా, పాపం."

వెళ్లాం. నేను ఇంట్లో కట్టుకునే చీరలోనే వెళ్లాను. ప్రాజెక్టు డెలానీపూర్‌లో బీరువా మీద ఉండిపోయింది.

మిన్నీ బేలో వాళ్ల ఇంటి ముందుకు చేరేసరికే మసాలా వాసన రోడ్డు మీదికి వచ్చి మమ్మల్ని లోపలికి లాక్కుపోయింది. పిల్ల వాళ్లమ్మ ఎదురొచ్చింది.

"రండమ్మా, రండి. ఏటీ, మొకాలిలా ఎండిపోనాయి? వైవా అంటే అంత బయ్యమేటి?"

పుండు మీద కారం చల్లుతోంది అనుకున్నాను. "అంతా అయిపోయాక ఇంకేం భయమండీ," అన్నాను.

"అయిపోనాదా? మరింకేటి, మంచిదే కదా! కూకోండి, తినండి." నేను చదవడం అయిపోయిందన్నానని ఆవిడ అనుకుందట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

పిల్ల స్నానం చేస్తోందన్నారు. మొహం చూపించలేకే లోపల దాక్కుందని నేననుకున్నాను. కంచాలు పెట్టారు. పీతలు చింతపండు పులుసులో కాక, వెల్లుల్లి దట్టించి దగ్గరగా వండారు. దుఃఖంలో ఉన్నా సరే, డిప్ప పగలగొట్టి గుజ్జు లాక్కునే పని మనిషి మనసును కొంత నిలబెడుతుంది. రెండో పీత మీద ఉండగా పిల్ల బయటికి వచ్చింది. గంజి పెట్టిన చీర, పిన్నులు పెట్టిన కొంగు, నుదుట బొట్టు.

"ఎవరి పెళ్లే?" అన్నాను.

"పెళ్లేటి దీదీ, వైవా కదా! మీ కాపీ కహాఁ హై?"

పీత కాలు నా నోట్లోనే ఉండిపోయింది. "ఏ వైవా?"

"మన వైవా. మూడింటికి. కల్ అని చెప్పాను కదా!"

"కల్ అంటే నిన్న కాదుటే?"

"నిన్న ఎలాగవుతాది? ఆనేవాలా కల్! నిన్నయితే నేనెందుకు ముందు చెప్తాను? అయిపోయినాక చెప్తాను గానీ!"

"నువ్వు చెప్పింది అయిపోయాకో ముందో నాకెలా తెలుస్తుందే? హోగా అన్నావా? థా అన్నావా? పోనీ అవుతాది అన్నావా? కల్ అంట! అంట అంటే ఏమిటంట?"

"అవునక్కా," అంది టీచరమ్మ. ఆవిడ సంచిలోంచి ఎర్ర అట్ట ప్రాజెక్టు అప్పటికే బయటికి వచ్చేసింది. చెప్పానుగా, అన్నీ మోసుకొస్తుంది.

భోజనానికి ఇంటికొచ్చి ఉంటారని ఎడమచేత్తో మా ఆయనకు ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావ్?"

"మిన్నీ బేలో."

"ఏం చేస్తున్నావ్?"

"పీతలు తింటున్నాను. ఆ బీరువా మీది ఎర్ర పుస్తకం తీసుకుని వెంటనే సెంటరుకు రండి. వైవా ఇవాళే."

ఆయన గుర్తుపెట్టుకున్నది ఇంతే. ఈ నాలుగు ముక్కల మీద కట్టిన మేడ ఆయన కథ.

పిల్ల వాళ్లమ్మ నా చేతులకు నిమ్మచెక్క రుద్దింది. టీచరమ్మ ఆటోలో, నేను స్కూటీ వెనక. దారి పొడుగునా వాన, వాన పొడుగునా మా వాదన. మలుపు దగ్గర పిల్ల వెనక్కి తిరిగి జవాబు చెప్పబోతే, "రోడ్డు చూడవే, తర్వాత గెలుద్దువు గానీ!" అని అరిచాను. సెంటరు మెట్ల మీద మా ఆయన పుస్తకం తలమీద పెట్టుకుని నిలబడి ఉన్నారు. తల తడవకూడదని పుస్తకాన్ని తడిపిన సాహసి.

వైవాకి వచ్చినాయన హిందీ మనిషి. నెమ్మదస్తుడు. నేను కూర్చోగానే ముక్కు ఒకసారి ఎగబీల్చాడు. కిటికీ వైపు చూశాడు. తడిసిన పేజీలు తిప్పుతూ చివరి దగ్గర ఆగాడు. భాషలు కలపడం వల్ల అర్థానికి నష్టమే లేదన్నారు, అలా నష్టం జరిగిన సందర్భం మీకు ఒక్కటి కూడా ఎదురుపడలేదా అని అడిగాడు.

లేదనేస్తే పోయేది. నా నోరు అలాంటి నోరు కాదు. ఇప్పుడే, ఈ మధ్యాహ్నమే జరిగిందని మొత్తం చెప్పాను. బొటనవేలు తప్ప. ఆయన కళ్లద్దాలు తీసి నవ్వి, మా హిందీలో ఆ చిక్కే రాదండీ, క్రియ చూస్తే ఏ కల్ అన్నది తెలిసిపోతుంది అన్నాడు. మా తెలుగులోనూ రాదండీ అన్నాను. మాకు క్రియ లేకపోయినా నిన్న వేరు, రేపు వేరు. ఈ పిల్ల మాట మీ దగ్గర తీసుకుంది, క్రియ వదిలేయడం మా దగ్గర నేర్చుకుంది. కలిపినందుకు కాదు, రెండు భాషల్లోనూ అర్థానికి కాపలా ఉన్నవాటినే వదిలేసినందుకు వచ్చిన తంటా అది. కాబట్టి నా చివరి పేజీ చివరి పేజీలాగే ఉంటుంది అన్నాను. ఆయన ఏదో అనబోయి, గడియారం చూసుకుని, బాగుంది అన్నాడు. ముగ్గురమూ పాసయ్యాం. టీచరమ్మ ఓడా అందుకుంది.

ఫొటోలు ఆగాయి. వాటి బదులు పీతల కథ వచ్చింది. దాని సంగతి ఇక్కడితో తేలిందనుకుంటాను.

తేలనిది ఒకటుంది. నా మెసేజ్‌లో నిన్న అనే మాట నాలుగు చోట్ల ఉంది. మళ్లీ చూసుకున్నాను. పిల్ల అది చదివి ఉంటే, దీదీ పొరబడిందని అప్పుడే తెలిసిపోవాలి. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. చేయలేదు కాబట్టి చదవలేదనుకుందామా? చదవకపోతే మరి వైవా అయిన సాయంత్రం, స్కూటీ స్టాండు వేస్తూ, "చూశారా దీదీ, షోకు చేయడానికే కాదు, పనికీ వస్తాది ఈ స్కూటీ" అని ఎందుకంది? షోకు అన్న మాట నాది. అడిగితే ఒకసారి "ఇతనా లంబా ఎవరు చదువుతారు దీదీ" అంటుంది, ఇంకోసారి "అంతా చదివేశాను" అని పళ్లికిలిస్తుంది. ఏది నిజమో తెలిస్తే గానీ నేను సారీ చెప్పాలో అక్కర్లేదో తేలదు.

'నిన్న' అన్న మాట దగ్గర తడబడి, తిట్ల దగ్గర మాత్రం తడబడకుండా చదువుకుని, ఆ పిల్ల పొద్దున్నే లేచి నాకోసం పీతలు కడిగిందా?