అతికించిన మీసం

ఇస్త్రీ దుకాణంలో పనిచేసే ఆమెను అందరూ బొంగురక్క అనేవారు. మనిషి మంచి పొడగరి. గొంతు మగవాళ్లకన్నా మందం. ఫోన్ ఎత్తితే అవతలివాళ్లు "అన్నా" అని పిలిచేవారు. ఆమె దిద్దేది కాదు, నవ్వి ఊరుకునేది. ఇంట్లో తల్లీ తనూ, అంతే. తండ్రి పోయి చాలాకాలమైంది. ఆయన ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

వీధి చివరి హాల్లో నాటకాలాడే బృందం దుస్తులు ఆమె దగ్గరికే ఇస్త్రీకి వచ్చేవి. ఒకసారి కోట్లు ఇవ్వడానికి వెళ్తే అక్కడంతా గందరగోళంగా ఉంది. కూతుర్ని గదిలో పెట్టి తాళం వేసే తండ్రి వేషం కట్టాల్సినాయన తగువు పెట్టుకుని వెళ్లిపోయాడట. దర్శకుడు ఆమె గొంతు విని, ఓ ముక్క చదవమన్నాడు. బృందంలో మగవాళ్లు మూతి విరిచారు. ఆడది మీసం పెడితే జనం పగలబడి నవ్వుతారన్నారు. ఆమె చదివాక మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

నడక నేర్పబోతే అవసరం పడలేదు. మడమ నేలకు గట్టిగా తాటించడం, గుమ్మంలో ఒక్క క్షణం ఆగడం, గొంతు దించి మాట్లాడటం ఆమెకు ముందే వచ్చు. ఎక్కడ నేర్చావని అడిగితే మాట దాటేసింది. మీసం అతికించుకున్న రోజు ఆమె అద్దంలో చూసుకుంది. అద్దంలోంచి నాన్న చూస్తున్నాడు.

ఆ తర్వాత ఇంట్లో ఆమె గ్లాసులు టకటకా పెట్టసాగింది. కూర చల్లారిందని ఓ పూట తల్లిమీద విసుక్కుంది కూడా. తల్లి పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లింది.

మొదటి ప్రదర్శన మధ్యాహ్నం పెట్టారు. తల్లి ముందు వరసలో కూర్చుంది. బొంగురక్క అడుగుల చప్పుడుతో వేదికమీదికొచ్చి, గొంతు దించి, "తలుపు ఎవరు తీశారు?" అంది.

ముందు వరసలో తల్లి లేచింది. తల వంచుకుని, గోడవారకు జరిగి, అక్కడే నిలబడిపోయింది. వెనకవాళ్లు కూర్చోమని కసురుకున్నా కదల్లేదు.

వేదికమీదికి అదంతా కనిపిస్తూనే ఉంది. ఆపేద్దామనుకుంది బొంగురక్క. కానీ అప్పటికే చెయ్యి లేచింది. కూతురి వేషం కట్టిన అమ్మాయిని కొట్టినట్టు నటించాల్సిన చోట దెబ్బ నిజంగానే తగిలింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆ చప్పట్లు తన ఒంటికి హాయిగా ఉన్నాయని ఆమెకు తెలిసింది.

తెర పడ్డాక ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పింది. చెంప పట్టుకున్న అమ్మాయి తల ఊపింది గానీ కళ్లెత్తలేదు. దర్శకుడు మాత్రం పొంగిపోయి, రోజూ ఇలాగే కావాలన్నాడు.

"చేస్తే ఇంకా బాగా చేస్తానండీ. అదే నా భయం," అందామె. "వేరే ఎవర్నైనా చూసుకోండి."

ఇంటికి చేరాక తల్లి గుమ్మం పక్కనే నిలబడి, "కూర్చోనా?" అని అడిగింది. బొంగురక్క ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

వేషం మరొకరికి పోయింది. దుకాణంలో పని మామూలే. తల్లికి మాత్రం మెట్లమీద అడుగులు వినబడితే లేచి నిలబడటం పట్టుకుంది. అందుకని బొంగురక్క కింది మెట్టు దగ్గరే ఆగి, "అమ్మా, నేనే వస్తున్నా," అని కేకేస్తుంది. జవాబు వచ్చేదాకా ఎక్కదు. ఒక్కోరోజు ఆ జవాబు రావడానికి చాలాసేపు పడుతుంది.